చేతితో కూర్చిన రేడియోమీర్

ఫ్లారెన్సు నగరమున 1860లో నెలకొన్న పనెరాయ్ వారి దుకాణము ఇటలీ నౌకాదళమునకు సమకూర్చిన రేడియోమీర్ గడియారము నేడు సామాన్యున కందరాని వెలగల భూషణమైనను, 1930 దశకమున పుట్టినప్పుడు అది కేవలము పనిముట్టు. రాత్రివేళ నీటిలో మెల్లగా సాగు టార్పెడోలపై కూర్చుండి శత్రునౌకలను సమీపించు ఈతగాండ్రకు, అనగా 1941 డిసెంబరులో అలెగ్జాండ్రియా రేవున రెండు బ్రిటిషు యుద్ధనౌకలకు గండికొట్టిన దళమువారికి, చీకటిలో కాలము తెలియవలెనని అది నిర్మితమైనది. 47 మిల్లీమీటర్ల దాని కవచమును రోలెక్సు సంస్థ చేసియిచ్చినది; లోని యంత్రము మాత్రము జేబుగడియారములకై కోర్తెబేర్ వారు చేసినది.

జేబుగడియారపు యంత్రమును పెద్ద కవచమున నిలిపి మణికట్టునకు కట్టుటయే మూలమైనప్పుడు, ఆ మార్గముననే అభిరుచితో కూర్చిన ప్రతికృతిని వట్టి అనుకరణమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఇందుకు ప్రాయికముగా గ్రహింపబడు యూనిటాస్ 6497 యంత్రము, 36.6 మిల్లీమీటర్ల వ్యాసమును 17 రాళ్ళును కలిగి, జేబుగడియారములకై పుట్టినదే. ఇరువదవ శతాబ్ది చివర పనెరాయ్ వారును దీనినే వాడిరి. అయితే డయలుపై మూలసంస్థ పేరు వ్రాసిననాడు ఆ వస్తువు దొంగసరుకగును. మంచి పనివాడు ఆ చోటును ఖాళీగా విడుచును.

యంత్రమును విప్పుటకు ముందు మెయిన్‌స్ప్రింగు బిగువును మెల్లగా సడలింపవలెను. బిగువుండగా పాలెట్ ఫోర్కును ఊడదీసినచో చక్రములు ఒక్కుమ్మడి తిరిగి వాని పండ్లు, ఇరుసులు దెబ్బతినవచ్చును. కడిగిన పిమ్మట ఇరుసులు తిరుగు కెంపురాళ్ళకు సన్నని మొనతో రవ్వంత నూనె నందింతురు. ఎక్కువైన నూనె పారిపోయి రాయి ఎండును. ఫోర్కు ఇరుసులకు నూనె తగులనీయరు.

ఈ విద్యలో నన్ను మిక్కిలి ఆకర్షించునది ఉక్కు స్క్రూలకు నీలిమ తెచ్చుట. తలను అద్దమువలె నునుపుచేసి, వ్రేలి జిడ్డుసైతము మిగులకుండ తుడిచి, ఇత్తడి రజనులో గ్రుచ్చి, స్పిరిటు దీపముపై కాచినచో, ఉక్కు తొలుత గడ్డిరంగు, పిదప గోధుమవన్నె, ఆపై ఊదా దాల్చి, రమారమి 300 డిగ్రీల సెల్సియస్ వేడిమికడ గాఢనీలమగును. క్షణమాలసించిన నీలము వెలిసి బూడిదవన్నెకు దిగును. ఇది పూసిన రంగు గాదు. ఉక్కుపై ఏర్పడు ఆక్సైడు పొర మందమును బట్టి కాంతి చూపు వర్ణము. తప్పిన స్క్రూను మరల సానపట్టి మొదటినుండి కాచుటకు విసుగని వానికే ఈ పని దక్కును.

డయలు రెండు పలకల కూర్పు: పైపలకలో అంకెలు తొలిచి, క్రిందిపలకపై మెరయు లేపనము పూయుదురు. పూర్వము ఆ లేపనమున రేడియము కలిపెడివారు. రేడియము అర్ధాయువు 1,600 సంవత్సరములు గనుక, వెలుగారిన పాత డయళ్ళు నేటికిని వికిరణమును వెదజల్లుచునేయున్నవి. నేటి పనివారు వాడు స్ట్రాన్షియం అల్యూమినేటు పగటివెలుగును గ్రహించి రాత్రి మరల నిచ్చును. దానివలన అట్టి భయము లేదు. మూలమునకు విధేయులము కాగోరినను, ఇచట ఆ మూలమును విడనాడుటయే వివేకము.

ముళ్ళను పండ్రెండుకడ నిలిపి ఒకదాని నొకటి తాకకుండ నొక్కి, కీ కాడను కొంచెము కొంచెముగా ఆకురాయితో అరగదీసి కవచమున కిమిడ్చిన పిదప, నడక దిద్దుట మిగులును. గంటకు 18,000 స్పందనలు, అనగా దినమునకు 4,32,000. డయలు పైకిని, ప్రక్కకును, క్రిందికిని ఉంచి ప్రతి భంగిమయందును నడక పరీక్షింపవలెను. దినమునకు పది సెకండ్ల లోపు తేడా వచ్చినచో అక్కడ ఆగుట మేలని నా అభిప్రాయము. అంతకుమించిన నిక్కమునకై సన్నని హెయిర్‌స్ప్రింగును పదేపదే కదపినవారు దానిని వంచుకొని చెరుపుకొనుటయే తరచు.