ఊరికే ఒక రైలు

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల్లో ఒక గుహ ఉంది. 1951లో ఆధ్యాత్మిక గురువు మెహెర్ బాబా మనోనాశ్ (మనసును లయం చేసుకునే) సాధన కోసం కొన్నాళ్లు అక్కడ ఏకాంతంగా గడిపారు. గుట్ట మీద దర్గా, అనంతపద్మనాభస్వామి గుడి, 250 కోట్ల ఏళ్లనాటి రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి చుట్టూ అద్దాల మేడలు లేచాయి. ఆదివారం పొద్దున్నే పైకెక్కితే ఫోన్లలో పాటలు, పెళ్లికి ముందు ఫొటోలు. గుహ ఎక్కడికీ పోలేదు గానీ ఏకాంతం ఖాళీ చేసి వెళ్లిపోయింది.

నాకది లింగంపల్లి స్టేషన్లో దొరికింది. నవ్వకండి.

సెలవు చిక్కిన రోజు, తోడు ఎవర్నీ పిలవకుండా, ఆటోలో లింగంపల్లి చేరి వికారాబాద్ వైపు పోయే మామూలు రైలేదో ఎక్కేస్తాను. జనరల్ బోగీ, కిటికీ పక్కన చోటు దొరికితే చాలు. ఈ దారికి ఒక సుఖం ఉంది. బండి పడమటికి పోతుంది కాబట్టి పొద్దున ఎండ మన వెనక నుంచి పడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఎండ కళ్లలో పొడవదు, పొలాల మీద పరుచుకుంటుంది.

అందమైన రైలు ప్రయాణం అనగానే అందరూ అరకు పేరెత్తుతారు. ఆ కొండల ముందు మా లైను దిగదుడుపే, ఒప్పుకుంటాను. అక్కడ 2017 నుంచి అద్దాల పైకప్పు బోగీ కూడా నడుస్తోంది. కానీ సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా ఒకటే కేకలు. నిజాం ఖర్చుతో వేయగా 1874లో మొదలైన ఈ వాడి జంక్షన్ లైనులో కేక పెట్టడానికి ఏమీ లేదు. అందుకే నాకు ఇష్టం.

ఓపిగ్గా చూస్తే మాత్రం నేల మారడం కనిపిస్తుంది. లింగంపల్లి దగ్గర మన గుట్టల గ్రానైటే. శంకర్‌పల్లి దాటాక గుండ్లు సన్నగిల్లి, నేల నల్లబడుతుంది. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా చల్లారి మిగిలిన రాయి, దాన్నుంచి పుట్టిన రేగడి. వికారాబాద్ చేరేసరికి ఎర్రమట్టి. ఇంకా ముందుకెళితే మన ఇళ్లలో పరిచే తాండూరు బండల నేల. ఇంత కాలం కిటికీ అవతల దొర్లిపోతుంటే, సోమవారం పంపాల్సిన మెయిల్ దానంతటదే చిన్నదైపోతుంది.

ధ్యానం నేర్పేవాళ్లు కళ్లు మూసుకోమంటారు. మూస్తే నాకు ఆఫీసే కనిపిస్తుంది. రైల్లో కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం దేన్నీ పట్టుకోలేదు. బావి గట్టు మీద కొంగను ఇంకోసారి చూద్దామనేలోపు బావి, కొంగ రెండూ వెనక్కి పోతాయి. మొదట్లో మనసు గింజుకుంటుంది. తర్వాత పోనీలే అనుకుంటుంది.

ఒకసారి ఎదురు సీటు ముసలమ్మ అడిగింది: “ఒక్కదానివే పోతున్నవా బిడ్డా? వికారాబాద్‌ల ఎవలున్నరు?”

“ఎవరూ లేరమ్మా. ఊరికే.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కొంగుముడి విప్పి గుప్పెడు పుట్నాలు నా చేతిలో పోసింది. ఇంట్లో గొడవపడి వచ్చాననుకుందేమో, దిగబోతూ “ఏమన్న గానీ, పొద్దుమూకేసరికి ఇంటికి మల్లు బిడ్డా” అంది.

మెహెర్ బాబా 1925లో మౌనం పట్టి, 1969లో దేహం వదిలేదాకా విడవలేదు. అందులో గుహల్లో గడిపింది ఎంత? మిగతాదంతా జనం మధ్యే. గుహ కన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది అదే. జనరల్ బోగీలో చంటిపిల్లల ఏడుపు, చాయ్ కేకలు, పేకాట అన్నీ ఉంటాయి. వాటిలో ఏదీ నన్ను పని అడగదు. నాకు కావలసిన మౌనం ఆ మాత్రమే.

వికారాబాద్‌లో దిగి అనంతగిరి వెళితే అక్కడా అనంతపద్మనాభుడే. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. 1908లో నగరాన్ని ముంచిన వరద తర్వాత ఆ నదికి అడ్డంగా కట్టి, 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువు మా ఖాజాగూడకు ఎంతో దూరం లేదు. మొక్కి, కాసేపు చెట్ల కింద కూర్చుని, సాయంత్రం బండికి వచ్చేస్తాను. గుడి దగ్గర గంటలు గంటలు ఉండాలని అనిపించదు. ఆ రోజుకి కావలసిన పూజ దారిలోనే అయిపోయి ఉంటుంది.

ఈ సంగతి విన్నవాళ్లు ఈసారి మేమూ వస్తామంటారు. రండి, అనంతగిరిలో కలిసి పులిహోర తిందాం. బోగీ మాత్రం వేరేది ఎక్కండి.