వడపోసిన సంగీతము చికిత్స యగునా?

బడి గంట మ్రోగగనే రెండు చేతులతో చెవులు మూసికొను పిల్లవానిని ఉపాధ్యాయులలో కొందరైనను చూచియుందురు. తోటివారికి మామూలుగా వినిపించు ధ్వని వానికి భరింపరాని బాధ. అది అల్లరి కాదు. కన్ను, చెవి, చర్మము పంపు వార్తలను మెదడు క్రమపరచుకొనుటలో కలుగు ఇట్టి చిక్కులను గూర్చి అమెరికాలో జీన్ ఏయర్స్ 1972లో ఒక గ్రంథము వ్రాసిరి. ఆటిజం గల పిల్లలలో ఇవి తరచుగా కనిపించును. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము వీనిని ఆటిజం లక్షణములలో చేర్చినది. ప్రత్యేక రుగ్మతగా మాత్రము అంగీకరింపలేదు.

ఈ చిక్కులకు సంగీతమే మందు అను వాదము ఫ్రాన్సు దేశమున పుట్టినది. చెవి వైద్యుడగు ఆల్ఫ్రెడ్ టొమాటిస్ (1920–2001) దీనికి దారి చూపెను. తరువాత గీ బెరార్ అను వైద్యుడు ‘శ్రవణ సమన్వయ శిక్షణ’ అను పద్ధతిని ఏర్పరచెను. కొందరికి కొన్ని పౌనఃపున్యముల ధ్వనులు మితిమీరి వినిపించుననియు, ప్రవర్తనలోని చిక్కులకు అదియే మూలమనియు ఆయన సిద్ధాంతము. అందువలన సంగీతమును యంత్రము గుండా పంపి, ఆ పౌనఃపున్యములను వడపోయుదురు. మంద్ర, తార స్థాయి ధ్వనులను ఒక క్రమము లేకుండ హెచ్చించుచు, తగ్గించుచు హెడ్‌ఫోన్ల ద్వారా వినిపింతురు. పూటకు అరగంట చొప్పున దినమునకు రెండు పూటలు, అట్లు పది దినములు, మొత్తము 10 గంటలు ఈ శిక్షణ సాగును.

వినుటకు ఇది శాస్త్రీయముగనే తోచును. తమ బిడ్డ నెమ్మదించినదని చెప్పిన తల్లిదండ్రులును అబద్ధమాడలేదు. అయితే ఆ మార్పు దేనివలన వచ్చినది? పిల్లలు నెలలు గడచిన కొలది ఎదుగుదురు. దినమునకు ఒక గంట పెద్దల శ్రద్ధ లభించినను మేలు కలుగవచ్చును. మేలు కలుగునని ఎదురుచూచు కంటికి చిన్న మార్పుకూడ పెద్దదిగా కనిపించును. వీనినుండి వడపోత ఫలితమును వేరుచేయుట యెట్లు?

ఆస్ట్రేలియాలో బెటిసన్ అను పరిశోధకురాలు 1996లో ప్రకటించిన ప్రయోగము దీనికి చక్కని ఉదాహరణ. ఆమె 80 మంది పిల్లలను రెండు బృందములు చేసెను. మొదటి బృందమునకు యంత్రము మార్చిన సంగీతమును, రెండవ బృందమునకు అదే సంగీతమును ఏ మార్పును లేకుండ వినిపించిరి. నెలల తరబడి పరీక్షింపగా మొదటి బృందము బాగుపడినది. రెండవ బృందమును బాగుపడినది! మొదటి బృందమును మాత్రమే చూచియున్నచో కీర్తి యంతయు యంత్రమునకు దక్కెడిది.

2011లో కాక్రేన్ సంస్థవారు ఇట్టి ఏడు ప్రయోగములను సమీక్షించిరి. వానిలో పాల్గొన్నవారందరు కలసి 182 మంది మాత్రమే. మూడు ప్రయోగములు మేలును చెప్పినవి గాని, వానిలో ప్రవర్తనను కొలిచిన విధానమే సందేహాస్పదము. ఈ పద్ధతిని సమర్థించుటకు చాలినంత ఆధారము లేదని సమీక్షకులు తేల్చిరి. అమెరికా శిశువైద్యుల అకాడమీ 1998లోనే, పరిశోధనలో తప్ప దీనిని వాడుట తగదని చెప్పియున్నది.

ఆధారము చాలకపోవుట నిష్ఫలమని రుజువగుట కాదు, నిజమే. కాని రుజువు చూపు బాధ్యత చికిత్స అమ్మువారిది. రుజువు లేనిచో తల్లిదండ్రుల ధనము, పిల్లవాని కాలము వ్యర్థము కావచ్చును. ధ్వని మితిమీరినచో లేత చెవులకు హాని కూడ కలుగవచ్చును.

సంగీతము పిల్లలకు ఆనందము నిచ్చును, అందుకొరకే వినిపింపవచ్చును. చెవులు మూసికొను పిల్లవానికి గంటకు దూరముగ చోటు చూపుట, గంట మ్రోగబోవునని ముందుగా చెప్పుట, వినికిడి పరీక్ష చేయింపుమని తల్లిదండ్రులకు సూచించుట ఏ యంత్రము లేకుండనే ఉపాధ్యాయుడు చేయగల పనులు. ఇక విద్యార్థులు ఈ కథనుండి ఒక ప్రశ్నను నేర్చుకొనవలెను. “దీనివలన బాగుపడిరి” అని ఎవరు చెప్పినను, “దేనితో పోల్చి చూచితిరి?” అని అడుగుడు.