చెవితో చేయు లోహశోధన

మెటల్ డిటెక్టరు అనగానే మనవారికి విమానాశ్రయపు ద్వారమో, సినిమాహాలు గుమ్మము కడ కావలివాడు జేబుల మీదుగా త్రిప్పు నల్లని కర్రయో స్ఫురించును గాని, ఆ యంత్రమును చేతబట్టి ఇంగ్లండు దేశపు దున్నిన చేలలో ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు నడచు సామాన్యజనుల యందు ఒక గొప్ప విద్య పెంపొందినదనియు, ఆ విద్యకు యంత్రము కంటె చెవియే ప్రధానమనియు ఎరిగినవారు మనలో అరుదు. 2009 జూలైలో స్టాఫర్డ్‌షైర్ మండలమున ఒక చేనిలో టెర్రీ హెర్బర్ట్ అను నతడు ఏడవ శతాబ్దినాటి ఆంగ్లో-సాక్సన్ యోధుల ఖడ్గాభరణములను, నాలుగు కిలోలకు చేరువగా బంగారమును వెలికి తెచ్చినప్పుడు లోకమంతయు నివ్వెరపోయినది. అతని చేతిలోని యంత్రము 14 ఏండ్లనాటిదనియు, పాతసామానుల సంతలో రెండున్నర పౌండ్లకు కొన్నదనియు చెప్పుకొందురు. ఆ వెల విన్న పిమ్మట కూడ యంత్రము ఖరీదును బట్టి పనివాని నైపుణ్యమును అంచనా కట్టువారిని చూచిన నాకు మిక్కిలి విచారము కలుగును.

దీని చరిత్రను గూర్చి రెండు మాటలు చాలును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు దేహములో దిగిన తుపాకిగుండును కనుగొనుటకై టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇట్టి సాధనమునొకదానిని సిద్ధపరచి తెచ్చెననియు, రోగి పరుండిన పరుపులోని ఉక్కుచుట్టలు దానిని తికమక పెట్టినవనియు వాడుక. రెండవ ప్రపంచయుద్ధములో పోలండు సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ స్కాట్లండులో నుండి రూపొందించిన శోధకము, 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో పాతిన మందుపాతరల నడుమ బ్రిటిషు సేనలకు దారి చూపినది. పిమ్మట ట్రాన్సిస్టరు వచ్చి యంత్రము తేలికపడి, చేలలోనికి నడచి వచ్చినది.

యంత్రము కొననున్న గుండ్రని తలలో రెండు తీగచుట్టలుండును. ఒకటి సెకనుకు కొన్నివేల పర్యాయములు దిశ మారు విద్యుత్తుతో అయస్కాంతక్షేత్రమును నేలలోనికి పంపును. రెండవది, మొదటిదాని ప్రభావము తనపై పడని సమస్థితిలో అమర్పబడి, వినుచుండును. నేలలో లోహముండెనా, అందు సుడివిద్యుత్తు పుట్టి తనదైన క్షేత్రమును కల్పించును. రెండవచుట్ట సమస్థితి చెదరును. ఆ చెదరుటయే ధ్వనియై చెవిని చేరును. ఆ మారుక్షేత్రము ఎంత ఆలస్యముతో వచ్చినదన్న దానిని బట్టి, ఉన్నది ఇనుమో వెండియో ఊహింపవచ్చును. ఇంతవరకు విద్యుచ్ఛాస్త్రము. ఇక మీదట సాధకుని పని.

ఏలయన, నేలయు మౌనముగా నుండదు. మన్నులోని ఇనుపభస్మము, ఎఱ్ఱగులక, కాలిన ఇటుకపొడి, ఇవన్నియు తమ వంతు ధ్వనిని కలుపును. ఆ రొదను అణచకున్నచో జానెడు లోతున నున్న చిన్న నాణెము పలుకు మాట వినబడనే వినబడదు. కావున మొదటి పని గ్రౌండ్ బ్యాలెన్స్. లోహము లేని జాగాను వెదకి, యంత్రము తలను మోకాలి ఎత్తునుండి నేలకు రెండంగుళముల వరకు దించుచు ఎత్తుచు ఉండవలెను. దించునప్పుడు నాదము హెచ్చినచో మరను ఒకవైపునకు, తగ్గినచో రెండవవైపునకు, వెంట్రుకవాసి చొప్పున త్రిప్పుకొనుచు, దించినను ఎత్తినను నాదము చలింపని చోట నిలుపవలెను. చేయి తిరిగినవారు అంతటితో ఆగక, దించునప్పుడు నాదము లేశమాత్రము హెచ్చునట్లు మరను నిలుపుదురు. లోతున నున్న చిన్నవస్తువునకు అది అనుకూలమని వారి నమ్మకము, నా నమ్మకమును అదియే. సుద్దనేలనుండి బంకనేలకు, మిట్టనుండి పల్లమునకు మారినపుడెల్ల ఈ పని మరల చేయవలసినదే. ఉదయమొకసారి సరిచూచుకొని సాయంకాలము దాక నడచువాడు సగము చేనిని వినక విడిచిన వాడగును.

రెండవది త్రెషోల్డు. వినబడీ వినబడని సన్నని నాదమొకటి ఎడతెగక సాగునట్లు మరను నిలుపుట. మన తంబురా శ్రుతి గాయకునికెట్టిదో ఈ నాదము శోధకునికట్టిది. పాట లేనప్పుడు కూడ అది మ్రోగుచుండవలెను. లోతున నున్న సన్నని వెండిబిళ్ళ గట్టిగా అరచి పిలువదు. ఆ నాదము నొక్క క్షణము పొంగించి విడుచును, అంతే. మౌనముగా నడచు యంత్రములయందు ఆ పొంగు పుట్టకముందే చచ్చును. యంత్రపు గ్రహణశక్తి యనదగిన సెన్సిటివిటీ విషయమున క్రొత్తవారు మరను చివరంట త్రిప్పి, యంత్రము దడదడ వాగుచుండగా లోతు పెరిగినదని సంతసింతురు. విద్యుత్తు తీగల క్రిందను తడినేలపైనను దానిని తగ్గించి, నాదమును నిర్మలము చేసుకొన్నవాడే నిజముగా లోతునకు పోవును.

ఇనుమును, చెత్తను వినబడకుండ చేయు డిస్క్రిమినేషన్ మర చేసిన అపకారము మరి యేదియు చేయలేదని నా అభిప్రాయము. చాక్లెటు చుట్టిన రేకు పలుకుచోటనే పల్చని మధ్యయుగపు వెండి పెన్నీ పలుకును. శీతలపానీయపు డబ్బా మూతి చెవి పలుకుచోటనే బంగారపు ఉంగరము పలుకును. రేకుల బాధ పడలేక మరను పైకి త్రిప్పినవాడు రేకుతో పాటు రాజముద్రను, మూతచెవితో పాటు ఉంగరమును త్రోసిపుచ్చినాడన్నమాట. చిన్నమేకులు అణగునంత మాత్రము త్రిప్పి, తక్కిన సమస్తమును త్రవ్వి చూడవలెను. 1987లో జర్మనీలో ఓస్నాబ్రుక్ కడ నుండిన బ్రిటిషు సైనికాధికారి టోనీ క్లన్, స్థానిక పురావస్తు శాఖ అనుమతితో కాల్క్రీజ పొలములలో శోధించి, రోమను వెండి దీనారములతో పాటు మూడు సీసపు ముద్దలను కూడ ఏరి భద్రపరచి అధికారులకు చూపెను. అవి రోమను సేనలు ఒడిసెలతో విసరు గుండ్లని తేలినది, క్రీ.శ. 9లో మూడు రోమను లీజియన్లు నశించిన రణభూమి జాడ అట్లు దొరకినది. నాణెములు బాటసారి పారవేసికొన్నవి కావచ్చును, ఒడిసెల గుండు మాత్రము సైన్యమును పట్టియిచ్చును. సీసము చెత్త యనుకొన్న చెవికి ఆ చరిత్ర అందియుండునా?

సఫోకు ప్రాంతమున ఒక వృద్ధుని వెంట నడచు భాగ్యము నాకు కలిగినది. బార్లీ కోసిన కొయ్యకాళ్ళ నడుమ ఆయన యంత్రపు తలను త్రిప్పు తీరు చూడవలసినది: కుడినుండి ఎడమకు సాగిన వీచిక చివరలయందు తల పైకి లేవదు, నేలకు సమాంతరముగనే సాగి మరలును, ముందటి వీచిక సగమును కప్పుచు తరువాతి వీచిక పడును, అడుగు అరజానెడుకు మించదు. ఒకచోట ఎవరికైనను వెండి యనిపించునంత స్పష్టమైన ధ్వని వినవచ్చినది. ఆయన ప్రక్కకు నడచి, అడ్డముగా నిలిచి, మరల త్రిప్పెను. ధ్వని చిట్లి రెండు తునుకలయ్యెను. త్రుప్పుపట్టిన మేకని చెప్పి ముందునకు సాగెను. కొంతసేపటికి నాదము ఉబికీ ఉబుకని చోట ఆగెను. అడ్డముగా త్రిప్పినను అదే ఉబుకు, అదే చోట. తలను నాలుగు వ్రేళ్ళ ఎత్తు లేపెను, ధ్వని మాయమయ్యెను. పెద్ద రేకుడబ్బా యైనచో అంత ఎత్తునను పలుకును గాన, ఇది చిన్నవస్తువు. రెండు వీచికలు ఖండించుకొను బిందువును కంటితో గుర్తించి, దానికి ఆవల జానెడు దూరమున పార దించి, పెళ్ళనెత్తి, పెళ్ళను రెండుగా విరిచి, ఏ సగము పలుకునో యంత్రమునకు చూపి, పలికిన సగమును మరల విరిచి, అట్లు పిడికెడు మన్ను మిగులువరకు చేసెను. అందున్నది వెండి పెన్నీని వెనుకవైపు శిలువ గీతల వెంబడి నాలుగుగా కత్తిరించినప్పటి పావుముక్క; చిల్లర నాణెము లేని కాలమున ఆంగ్లేయులు అట్లు కోసి వాడుకొనెడివారు. చిటికెనవ్రేలి గోటి పాటి వస్తువు. చూచుటకు ఆతురపడి దానిని వ్రేలితో రుద్దబోగా ఆయన నా చేయి పట్టుకొనెను: మన్నులోని ఇసుక వెండిని గీరును. దానినట్లే చిన్నడబ్బాలో పెట్టి, దొరకిన చోటి అక్షాంశ రేఖాంశములను పుస్తకమున వ్రాసికొని, గోతిని పూడ్చి కాలితో అదిమి లేచెను.

ఆగుట కూడ ఈ విద్యలో నొక భాగము. నిజమునకు అదియే ఉత్తమభాగము. 1992 నవంబరులో ఎరిక్ లాస్ అను శోధకుడు, హాక్స్‌ను గ్రామములో మిత్రుడైన రైతు పోగొట్టుకొన్న సుత్తిని వెదకబోయి, రోమను బంగారు వెండి నాణెములు కనబడగా కొన్నింటిని తీసిన పిమ్మట త్రవ్వుట మాని కబురంపెను. మరునాడే పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి ఆ రాశిని ఉన్నదున్నట్లు వెలికి తీయగా దాదాపు 15,000 నాణెములును, పాత్రలును, నగలును, అవి పేర్చిన కొయ్యపెట్టె జాడలతో సహా దక్కినవి. ఆ సుత్తియు నేడు బ్రిటిష్ మ్యూజియమునందే కలదు. 2010 ఏప్రిలులో డేవ్ క్రిస్ప్ అను మరియొక శోధకుడు, సోమర్సెట్‌లో ఫ్రోమ్ పట్టణము కడ, తేల్చి చెప్పరాని వింతధ్వనిని అనుసరించి మోచేతిలోతు త్రవ్వి, కుండమూతి కనబడగానే మన్ను కప్పి కబురు చేసెను. ఆ కుండలో 52,503 రోమను నాణెములు! శాస్త్రజ్ఞులు పొరపొరగా తీసినందున, కరౌసియస్ అను పాలకుని నాణెములు పైని గాక సగము లోతునకు దిగువ గుంపుగా నుండుట తెలిసినది. ఏండ్లతరబడి కూడబెట్టినది గాక ఒక్కపర్యాయము పోసినదన్న ఊహకు అదియే ఆధారము. ఎదుట లంకెబిందె మూతి కనబడుచుండగా మన్ను కప్పి లేచిన ఆ మహానుభావునికి చేయెత్తి మ్రొక్కవలెను.

నేటి యంత్రములు ధ్వనికి బదులు తెరపై అంకెను చూపుచున్నవి. అనేక పౌనఃపున్యములతో పనిచేయు నవీన యంత్రములు ఉప్పుతడిసిన సముద్రపు ఇసుకలోను, ఆస్ట్రేలియా ఎఱ్ఱనేలలపై బ్రూస్ కాండీ రూపొందించిన మైన్‌ల్యాబ్ యంత్రములు బంగారపు గడ్డల వేటలోను సాధించినదానిని నేను కాదనను. అయినను లోతున నున్న నాణెమునకు తెర చూపు అంకె నిలుకడ లేనిది. ఎనుబది యని ఒకమారు, ముప్పది యని ఒకమారు. అంకెను నమ్మినవాడు తొలగిపోవును, చెవిని నమ్మినవాడు త్రవ్వును. మరలు మాత్రముండి తెరలేని టెసోరో యంత్రములను అమెరికాలో ఒక కుటుంబము దశాబ్దముల తరబడి చేసి యిచ్చి తుదకు మూసివేసినది. ఆ వార్త నాకు ఆప్తుని మరణవార్తయే.

అంకెల యంత్రము విద్యను మందగింపజేయును, అంతే. విద్యను చంపునది నకిలీ. జేమ్స్ మెక్‌కార్మిక్ అనువాడు గోల్ఫు బంతులు వెదకు బొమ్మసాధనమునే మార్చి ఏడీఈ 651 అను పేర బాంబుశోధకముగా ఇరాకునకు ఒక్కొక్కటి వేలాది డాలర్లకు అమ్మెను. పిడి, దానికి అటునిటు ఊగు కడ్డీ; లోపల విద్యుత్తు లేదు, తీగచుట్ట లేదు. పట్టుకొన్నవాని దేహవిద్యుత్తుతోనే పనిచేయునని బొంకు. దానిని నమ్మిన తనిఖీ కేంద్రములను దాటి పేలుడు పదార్థములు బగ్దాదు వీధులలోనికి పోయినవి, జనులు చచ్చిరి. 2013లో లండను న్యాయస్థానము వానికి పదియేండ్ల శిక్ష విధించినది. ఆ ఊగుడుకడ్డీ సంతానమే నేడు మన తెలుగుజిల్లాలలో గుప్తనిధుల యంత్రమను పేర లక్షలకు అమ్ముడుపోవుచున్నది. కిలోమీటరు దూరమునుండి బంగారమును పసిగట్టునట, వజ్రమును కూడ చూపునట! వజ్రము లోహమే కాదు. తొలకరికి జొన్నగిరి, వజ్రకరూరు చేలలో వంగి వెదకు కూలిజనమునకు తెలిసిన ఈ సత్యము చదువుకొన్న ఆసాములకు తెలియకపోవుట ఎంత దైన్యము!

కడ్డీ మోసము ధనమును హరించును. నిజమైన యంత్రము దొంగచేతిలో చరిత్రనే హరించును. పాడుబడిన గుడిలో నంది క్రింద, ధ్వజస్తంభము మొదట, కోటబురుజు అడుగున రాత్రివేళ గోతులు త్రవ్వి, శాసనములను పగులగొట్టిన వార్త వినని మాసము మనకు లేదు. ఇంగ్లండునకును ఈ పీడ తప్పలేదు. సర్రేలో వాన్‌బరో కడ రోమను ఆలయస్థలమును 1980 దశకమున దొంగలు కొల్లగొట్టిన పిమ్మట పుట్టిన ఆందోళనమే 1996 నాటి ట్రెజర్ చట్టమునకు దారితీసినది. దాని ప్రకారము నిధిని చూపినవానికిని భూస్వామికిని న్యాయమైన వెల, ప్రదర్శనశాలలకు వస్తువు. స్వచ్ఛందముగా వస్తువు చూపువారి కొరకు 1997లో మొదలైన పథకమున ఇప్పటికి 15 లక్షలకు మించిన వస్తువులు నమోదైనవి. ఆ మార్గమంత తెరచియుండగా, 2015లో లెమ్‌స్టర్ కడ దొరకిన ఆల్ఫ్రెడ్ రాజు కాలపు నిధిని దాచి అమ్ముకొన్న యిద్దరు పిమ్మట కారాగారము పాలైరి. మూడువందల నాణెములుండవచ్చునన్న ఆ నిధిలో ముప్పదికి కొంచెము మించి మాత్రమే తిరిగి దొరకినవి.

మన దేశమున 1878 నాటి చట్టము పది రూపాయలకు మించిన నిధి దొరకినవాడు కలెక్టరునకు వ్రాతపూర్వకముగ తెలుపవలెనని శాసించును. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముద్రగల రోమను వెండి నాణెములు దొరకినవి. కాల్క్రీజ రణభూమిలో క్లన్‌కు దొరకినవియు అగస్టస్ నాటివే. ఇట్టి సంబంధమును పట్టిచ్చు వస్తువులను ఇంకెన్నింటిని మన గోతుల దొంగలు కరగించిరో తలచుకొనిన గుండె మండును. పంచాయతీలకును, పురావస్తు శాఖకును, పోలీసువారికిని నా విన్నపమొకటే: శాఖవారి ఎదుట, అనుమతితో, గ్రామస్థుల సాక్షిగా పనిచేయు చెవిగల యువకులను తర్ఫీదు చేయుడు, రాత్రి యంత్రముతో గుడిచుట్టు తిరుగువానిని మాత్రము ఉపేక్షింపకుడు.

ఇక ఎవడైనను ఊగుడుకడ్డీని అమ్మవచ్చినచో అతనితో వాదింప పని లేదు. పది మూసిన అట్టపెట్టెలు తెచ్చి, అతడు చూడకుండ, చూపువానికిని తెలియకుండ వేరొకనిచే ఒకదానిలో ఇత్తడిచెంబు పెట్టించి, వెదకుమనవలెను. పెట్టెలు మార్చి మార్చి ఇరువది పర్యాయములు చేయింపవలెను. రెండుమూడు మారులు గురి తగులును, అది గుడ్డిగురి. ఆ లెక్కను కాగితముపై వ్రాయించి, ఊరిపెద్దల సంతకములతో పోలీసు స్టేషనుకు పంపవలెను.