ప్రకృతి ఛాయాచిత్రణము నేర్పు ఒక గ్రంథము: గుణదోష పరిశీలన

చెరువుగట్టున మేయుచున్న గేదె వీపుపై తెల్లని కొంగ వాలియుండుట మన పల్లెలలో నిత్యము కనబడు దృశ్యము. ఉత్సాహముతో దానిని కెమేరాలో బంధించిన విద్యార్థి, తీరా చిత్రమును చూచుకొని నిరాశ చెందుచుండును. గేదె చక్కగా కనబడినచో కొంగ ఈకల గీతలు లేని వట్టి తెల్లని మచ్చగా మారును. కొంగ ఈకలు కనబడినచో గేదె నల్లని ముద్దగా మిగులును. మంచి కెమేరా లేకపోవుటయే ఇందులకు కారణమని విద్యార్థి తలచును. అది నిజము కాదు. కాంతిని కొలుచు పద్ధతి తెలియకపోవుటయే అసలు కారణము.

ఈ పద్ధతిని శ్రద్ధగా బోధించు గ్రంథములలో జాన్ షా అను అమెరికను ఛాయాచిత్రకారుడు రచించిన ‘ది నేచర్ ఫొటోగ్రాఫర్స్ కంప్లీట్ గైడ్ టు ప్రొఫెషనల్ ఫీల్డ్ టెక్నిక్స్’ ఒకటి. ఇది 1984లో ప్రచురింపబడినది. ఫిల్ము కాలమునాటి ఈ గ్రంథమును నేడు మన ఉన్నత పాఠశాలల గ్రంథాలయములలో ఉంచదగునా? ఉంచినచో దేనిని గ్రహింపవలెను, దేనిని విడువవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గ్రంథమునకు ప్రాణము వంటిది కాంతిని గూర్చిన ప్రకరణము. కెమేరాలోని కాంతిమాపకమునకు తన ఎదుట ఉన్నది కొంగయో గేదెయో తెలియదు. తనపై పడిన కాంతిలో సుమారు 18 శాతమును తిరిగి వెదజల్లు మధ్యస్థమైన బూడిదవర్ణపు వస్తువునే తాను చూచుచున్నట్లు అది భావించును. కావున చట్రమంతయు కొంగతో నిండినచో, కాంతి ఎక్కువైనదని తలచి దానిని తగ్గించును. కొంగ బూడిదరంగుగా వచ్చును. గేదెతో నిండినచో కాంతి చాలలేదని పెంచును; గేదెయు బూడిదరంగుగానే వచ్చును. అందువలన, వస్తువు మధ్యస్థ వర్ణముకంటె ఎంత తెలుపో, ఎంత నలుపో చూచువాడే నిర్ణయించి, ఆ మేరకు కాంతిని స్టాపుల లెక్కన హెచ్చింపవలెను, లేదా తగ్గింపవలెను. ఒక స్టాపు హెచ్చించుట యనగా కాంతిని రెట్టింపు చేయుట. తగ్గించుట యనగా సగము చేయుట. యంత్రము కొలతను మాత్రమే ఇచ్చును, నిర్ణయము మనిషిదే అను ఈ బోధ ఏ భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనైనను చెల్లునట్టిది.

మాపకము లేకున్నను ఎండలో పనికివచ్చు ఒక సూత్రమును ఛాయాచిత్రకారులు చిరకాలముగా వాడుచున్నారు. నిర్మలమైన ఎండలో ద్వారమును ఎఫ్/16 వద్ద ఉంచి, ఫిల్ము వేగమెంతయో సెకనులో అన్నవ వంతు కాలము కవాటమును తెరచిన చాలును. వేగము 100 అయినచో 1/100 సెకను. అదే కాంతికి ఎఫ్/8 వద్ద 1/400 సెకను సరిపోవును. ఏలయనగా ద్వారము రెండు స్టాపులు తెరచినచో కాంతి నాలుగింతలగును, కాలము నాలుగవ వంతైనచో లెక్క సరిపడును. తెల్లని కొంగకు ఒక స్టాపు తగ్గించి ఎఫ్/22, నల్లని గేదెకు ఒక స్టాపు హెచ్చించి ఎఫ్/11 వాడుట వాడుకలో ఉన్నది. రెండును ఒకే చట్రములో ఉన్నప్పుడు దేని వివరము ముఖ్యమో ముందుగా ఎంచుకొనక తప్పదు.

దగ్గరి వస్తువులను పెద్దవిగా చూపు పద్ధతులను గూర్చిన భాగము కూడ మెచ్చదగినది. ఇందలి లెక్కలు ఎనిమిదవ తరగతి విద్యార్థికైనను అందును. కటకమునకును కెమేరాకును నడుమ గొట్టమును అమర్చినచో, దాని పొడవును కటక నాభ్యంతరముతో భాగింపగా ఆవర్ధనము వచ్చును. 50 మి.మీ. కటకమునకు 25 మి.మీ. గొట్టము చేర్చినచో ప్రతిబింబము వస్తువులో సగముండును, 50 మి.మీ. గొట్టము చేర్చినచో వస్తువంతయే ఉండును. కాని అప్పుడు కాంతి నాలుగవ వంతునకు తగ్గును. 200 మి.మీ. కటకము ముందు 50 మి.మీ. కటకమును తలక్రిందులుగా బిగించినచో ఆవర్ధనము నాలుగింతలగును. అప్పుడు 36 మి.మీ. వెడల్పు గల చట్రములో 9 మి.మీ. వెడల్పు ప్రదేశము మాత్రమే ఇముడును. ఒక చీమ దానిని నింపును.

ముక్కాలి స్టాండును విడువరాదని రచయిత చేయు హెచ్చరికకును కారణము ఇచ్చటనే కలదు. దగ్గరి చిత్రములలో స్పష్టముగా వచ్చు లోతు మిక్కిలి తక్కువ. లోతు పెరుగవలెనన్న ద్వారమును చిన్నది చేయవలెను; ద్వారము చిన్నదైన కవాటము ఎక్కువసేపు తెరచియుండవలెను; అంతసేపు చేయి కదలక నిలువదు. ఒకదానినుండి ఒకటి ఇట్లు తప్పక వచ్చుచుండగా, స్టాండు విలాసవస్తువు కాదని పాఠకునకు తానే బోధపడును.

ఇక లోపములు. ఫిల్ములను గూర్చిన భాగము నేడు చరిత్రయే. ఆ కాలమున ప్రకృతి ఛాయాచిత్రకారులు విరివిగా వాడిన కొడాక్రోమ్ 25, 64 ఫిల్ములు నేడు లేవు. 1935లో వెలువడిన కొడాక్రోమ్ ఉత్పత్తి 2009లో నిలిచిపోయినది. 2000లో షా తన గ్రంథమును సవరించి మరల ప్రకటించెను గాని, అదియు ఫిల్ము కాలమునకు చెందినదే. నేటి విద్యార్థి చేతిలో ఉన్నది సెల్‌ఫోను. గ్రంథములోని పరికరములను కొనుమని అతనికి చెప్పుట న్యాయము కాదు, అవసరమును కాదు. పరికరముల వివరములు చదివి, అవి లేవు గనుక ఈ విద్య తనది కాదని పేద విద్యార్థి తలచునేమో యను భయము నాకు కలదు. ఉపాధ్యాయుడు ఆ భయమును ముందే తొలగింపవలెను. ఫోను కటకము ముందు ప్రయోగశాలలోని భూతద్దమును ఉంచినచో పువ్వులోని కేసరములు పెద్దవిగా కనబడును. ఇది అదనపు కటకముల సూత్రమే.

రెండవ లోపము లక్ష్యమునకు సంబంధించినది. పేరులోనే చెప్పినట్లు ఇది వృత్తి ఛాయాచిత్రకారుల పద్ధతులను నేర్పు గ్రంథము. దీని దృష్టి చక్కని చిత్రముపై నిలిచినది. శాస్త్ర విద్యార్థికి చక్కదనముతో పాటు ప్రమాణము కావలెను. తేది, స్థలము, వేళ, పరిమాణమును తెలుపు కొలబద్ద, ఆకు వెనుకభాగము, పురుగు తినుచున్న మొక్క—ఇవి లేని చిత్రము గోడకు అలంకారమగును గాని, జీవశాస్త్రమునకు సాక్ష్యము కానేరదు.

మూడవ విషయము మన దేశమునకు చెందినది. గ్రంథములోని దృశ్యములు ఎక్కువగా ఉత్తర అమెరికావి. మన చట్టములు అందులో ఉండవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి పక్షుల గ్రుడ్లను, గూళ్లను కలత పెట్టుట కూడ వేటగానే పరిగణింపబడును. కొమ్మలను తొలగించి గూటిని ఎండకును కాకులకును బయటపెట్టినవాడు ఎంత మంచి చిత్రము తీసినను తప్పు చేసినవాడే. పాఠమును మొదలుపెట్టకముందే విద్యార్థికి ఈ మాట చెప్పవలెను.

ఇన్ని లోపములున్నను ఈ గ్రంథమును పాఠశాలలో ఉంచవలెననియే నా అభిప్రాయము. నేటి కెమేరాలు మన బదులు తామే ఆలోచించుచున్నవి. చిత్రము వెంటనే కనబడుచున్నది. అది బాగుగా వచ్చినను చెడినను కారణము మాత్రము కనబడుట లేదు. ఫిల్ము కాలపు విద్యార్థి ఫలితమునకై దినముల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. అందుచే ప్రతి కొలతను పుస్తకములో వ్రాసికొని, తప్పునుండి నేర్చుకొనెడివాడు. ఆ అలవాటే ఈ గ్రంథము మనకు మిగిల్చిన ధనము.

ఉపాధ్యాయులు తరగతిలోనే ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. తెలుపు, బూడిద, నలుపు రంగుల కాగితములను ఒకే వెలుతురులో ఉంచి, ఒక్కొక్కటి చట్రము నిండునట్లు వేరువేరుగా చిత్రము తీయుడు. ఫోనులలో తామే సవరించుకొను ఏర్పాట్లు ఉండుటచే ఫలితములో కొంత భేదము రావచ్చును గాని, మూడును బూడిదరంగు వైపునకు జరుగుటను గమనింపగలరు. పిదప కాంతిని హెచ్చించు, తగ్గించు మీటతో తెలుపును తెలుపుగా, నలుపును నలుపుగా తెచ్చుటకు ఎంత మార్పవలసి వచ్చెనో వ్రాసికొనుడు. ఆ మరునాడు చెరువుగట్టునకు పోయిన విద్యార్థికి గేదె, కొంగ ఇక చిక్కు ప్రశ్నలు కావు.