సేకరణ గారికో నమస్కారం

ఈ వారం ఆయన మళ్లీ తగిలారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఓ కథ వచ్చింది. చక్కటి కథ. ఎవరు రాశారా అని కిందికి జరిపితే దండం బొమ్మ, పక్కన 'సేకరణ'. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా సేకరణ గోల కొత్తేం కాదు. తెలుగులో ఇంత విరివిగా రాసే రచయిత మరొకరు లేరు. పంపినాయన్ని అడిగితే, "మంచి విషయం పదిమందికీ చేరాలి కదండీ, పేరుతో పనేముంది?" అన్నారు.

1957 నాటి కాపీరైట్ చట్టాన్ని ఆయన మీదికి విసురుదామనే కూర్చున్నాను. రాసిన క్షణమే హక్కు పుడుతుంది, రిజిస్టర్ చేయించక్కర్లేదు, నెట్‌లో కనబడిందల్లా ఉచితం కాదు, వగైరా. తిరగేస్తూ 60 అనే అంకె దగ్గర ఆగిపోయాను. రచయిత పోయాక హక్కు నిలిచే ఏళ్లవి. మొదట 50 ఉండేవి. టాగూరు పోయింది 1941లో. 1991 ఆఖరుకి ఆయన రచనలు విశ్వభారతి చేజారతాయనగా ప్రభుత్వం మరో పదేళ్లు పొడిగించింది. ఆయన కోసం వేసిన పందిరి కిందికి మనవాళ్లూ వచ్చి చేరారు. 1952లో పోయిన అడివి బాపిరాజు పుస్తకాలు 2003లోనే అందరివీ కావలసినవి, 2013 దాకా ఆగాయి.

బాపిరాజుకేం, ఎప్పుడైనా వేసేవాళ్లుంటారు. వారపత్రికలకు రాసి, ఒకే ఒక్క సంపుటి వేసుకుని పోయినవాళ్ల సంగతేమిటి? ప్రచురణ సంస్థ మూతపడి ఉంటుంది. కొడుకు విశాఖలో, కూతురు డాలస్‌లో, మనవలకు తెలుగు చదవడం రాదు. మళ్లీ వేద్దామంటే సంతకం ఎవరి దగ్గర తీసుకోవాలి? అలాంటి పుస్తకాలు ఇవాళ పీడీఎఫ్‌లుగా బతికున్నాయి: చెదలు కొట్టిన అంచులు, లైబ్రరీ రబ్బరు ముద్ర, స్కాన్ చేసినాయన బొటనవేలుతో సహా. హక్కు తీరని పుస్తకమైతే ఆ బొటనవేలు చేసింది చట్టప్రకారం తప్పే. అయినా దాని మీద నాకు కోపం రాదు. లోపలి అట్ట మీద రచయిత పేరు చెక్కుచెదరలేదు.

అంటే ఇన్నాళ్లూ నా పేచీ కాపీతో కాదన్నమాట.

ఈ పేచీ తీర్చడానికే 2002 నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులున్నాయి. 'బీవై' అంటే వాడుకోండి, పేరు మాత్రం ఉంచండి. 'ఎస్ఏ' కూడా తగిలిస్తే, దాన్ని మార్చి చేసిన కొత్తదాన్నీ అదే షరతు మీద వదలాలి. తెలుగు వికీపీడియా నడిచేది ఇలాగే. 'ఎన్‌డీ' ఉంటే మార్చి పంచకూడదు, 'ఎన్‌సీ' ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఈ ఎన్‌సీ నాకంత నచ్చదు. మూడొందల కాపీలు వేసుకుని అమ్ముకునే చిన్న ప్రచురణకర్తకూ అదే అడ్డం. ఏదైనా, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఈ కాలమ్‌ల పుస్తక హక్కులు నావే కనుక, రాబోయే సంపుటానికి 'బీవై' వేయమన్నాను. "మరి నాకేం మిగులుస్తావు నాన్నా?" అంది మా అమ్మాయి. నిరుటి రాయల్టీ చెక్కు చూపిస్తే ఇంకేం మాట్లాడలేదు.