పావులూరి గణితము - బోధనాదృష్టి

సాహిత్యచరిత్రలలో పావులూరి మల్లన పేరు తొలి శాస్త్రకవులలో నొకటిగా వచ్చి, అంతటితో ముగియుట పరిపాటి. నృపతుంగుని యేలుబడిలో, 9వ శతాబ్దమున, కన్నడదేశమందు మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెనిగించెను. ఆయన పద్యముల సొగసును కొలిచినవారు కలరు. ఆ గ్రంథము పాఠముగా నెట్లు పనిచేయునో చూచినవారు తక్కువ.

మహావీరుడు కంఠికలని పేరిడిన గుణకారములు కొన్ని కలవు. 152207ను 73చే గుణించిన 11111111 వచ్చును. మల్లన యిట్టివానియందు మఱింత మక్కువ చూపెను. ఇవి వట్టి వినోదములని త్రోసివేయుట పొరపాటు. మందుడైన విద్యార్థికి లెక్కకంటె భయంకరమైనది ఉపాధ్యాయుని తీర్పు. ఇచ్చట తీర్పు చెప్పునది లెక్కయే. ఎనిమిది ఒకట్లు వరుసగా నిలిచినచో సరి. నడుమ వేఱొక అంకె తలయెత్తినచో ఎచ్చట జాఱెనో తానే వెదకుకొనును. తరగతిలో వెనుక బల్లపై కూర్చుండువానికిని ఇది యందును.

లోపము లేకపోలేదు. సూత్రము, ఉదాహరణము ఉండును గాని హేతువుండదు. సంఖ్యను సున్నచే భాగించినను అది మాఱదని మహావీరుడు చెప్పెను. 6ను సున్నచే భాగించిన 6 వచ్చునేని, 6ను సున్నచే గుణించినను 6 రావలెను గదా! తరగతిలో నొక బాలుడు ఈ ప్రశ్న వేయగలడు. ఎక్కములు వల్లించు బడిలో వానిని కూర్చుండుమనుటయే మర్యాదగా చెల్లినది. నిజమునకు పాఠ మచ్చటనే ఆరంభము కావలెను.

మల్లన ఘనత వేఱొకటి కలదు. మూలములోని జైనప్రసక్తులను తీసి శైవప్రసక్తులను నిలిపెను. లెక్క అదియే, వినువాని లోకము మాఱినది. ప్రవాసాంధ్రుల పిల్లలకు నేడు కావలసిన దీ పనియే. షోలాపురములో తెలుగు బాలుడు ఇంట ఇరువది తొమ్మిది యని లెక్కించును. మరాఠీబడిలో అదియే ‘ఏకోణతీస్’, ముప్పదికి ఒకటి తక్కువ. ‘తీస్’ అను ధ్వని చెవినిబడి వాడు 3 ముందు వ్రాసినచో, కూడిక రానివాడని ముద్రవేయుట యన్యాయము. తప్పు మాటలోనిది, లెక్కలోనిది కాదు. ముప్పది చింతగింజలు పోసి ఒకటి తీయించి, రెండు పేర్లును పలికించుటకు రెండు నిమిషములు చాలును.