అద్దె ఎంతో అడగడానికి ఒక వ్యాకరణం

ఇంగ్లీషు వాక్యంలో నామవాచకం ఉండాల్సిన చోట, సొంత కర్తా క్రియా ఉన్న ఉపవాక్యం వస్తే దాన్ని నౌన్ క్లాజ్ అంటారు. అది కర్త కావచ్చు, కర్మ కావచ్చు, పూరకం కావచ్చు. ప్రిపోజిషన్ తర్వాతా రావచ్చు, ఒక నామవాచకాన్ని వివరించనూవచ్చు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చెప్పే స్థానాలు ఈ ఐదే. వీటి పేర్లు బట్టీ పట్టినంత మాత్రాన వాక్యం రాయడం రాదు.

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ పక్కనే ఉన్న కటవారియా సరాయ్‌లో గేట్‌కో, ఇంజినీరింగ్ సర్వీసెస్‌కో చదువుకునే తెలుగు విద్యార్థికి ఈ పాఠం గది వెతుక్కునేటప్పుడే మొదలవుతుంది. 'టెల్ మీ వాట్ ఈజ్ ద రెంట్' అని అడుగుతాడు. అనాల్సింది 'వాట్ ద రెంట్ ఈజ్' అని. ఎదుటివాళ్లకు విషయం అర్థమవుతుంది కాబట్టి ఎవరూ దిద్దరు. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది.

ఈ తప్పుకు కారణం తెలివి తక్కువ కావడం కాదు. తెలుగులో 'అద్దె ఎంత?' అన్న ప్రశ్న 'అద్దె ఎంతో చెప్పండి' అని మారినప్పుడు మాటల వరస చెదరదు, చివర 'ఓ' చేరుతుందంతే. ఇంగ్లీషులో నేరుగా అడిగితే క్రియ ముందుకు వస్తుంది. అదే ప్రశ్న మరో వాక్యంలో ఇమిడినప్పుడు క్రియ మళ్లీ కర్త వెనక్కి వెళ్తుంది. విద్యార్థి ప్రశ్నను ముద్దగా నేర్చుకుని, అలాగే లోపల పెట్టేస్తాడు. 'వేర్ డస్ హి లివ్' లోపలికి వెళ్తే 'డస్' పోయి 'వేర్ హి లివ్స్' మిగలాలి. ప్రశ్నపదమే కర్త అయిన 'హూ కేమ్' లాంటివి మాత్రం మారవు.

'వస్తాడో రాడో' అన్నచోట 'వెదర్' గానీ 'ఇఫ్' గానీ వస్తుంది. ప్రిపోజిషన్ తర్వాత 'వెదర్' ఒక్కటే. 'వస్తానన్నాడు' అన్నది మరింత కష్టం. తెలుగు అతని మాటను అతను అన్నట్టే ఉంచుతుంది. ఇంగ్లీషులో 'హి సెడ్ హి వుడ్ కమ్' అని పురుషా కాలమూ రెండూ మారతాయి.

గేట్‌లో ఇంగ్లీషు వ్యాకరణం కూడా ఉండే జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులు. సివిల్స్ మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లీషు పేపర్‌లో 25 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. ఆ పరీక్షలు రాసేవారు రోజూ కొన్ని మామూలు ప్రశ్నలు తీసుకుని, ముందు 'ఐ డోంట్ నో' చేర్చి, వరస సరిచేసి పైకి చదువుకోవాలి. ఐదు స్థానాల పట్టిక తర్వాత చూసుకోవచ్చు.